కొత్త కుక్కపిల్లకు అమెరికా దక్షిణాది పేరు: తెలుగు ఇంటికి సమగ్ర మార్గదర్శి

డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, అట్లాంటా శివార్లలోని ఆల్ఫరెట్టాలోనో, షార్లెట్‌లోనో ఇల్లు కొనుక్కొని స్థిరపడిన తెలుగు కుటుంబాలు కుక్కపిల్లను తెచ్చుకునే వేళ తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. తాము ఉంటున్న నేల గుర్తుకు వచ్చేలా దక్షిణాది పేరు పెట్టాలని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని వారంటారు. ఇక్కడ దక్షిణాది అంటే టెక్సాస్, లూజియానా, మిసిసిపీ, అలబామా, జార్జియా, టెనెసీ, కెరొలైనాలు, వాటిని ఆనుకొని ఉన్న రాష్ట్రాలు.

పేర్ల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. అయితే అవి ఇంట్లో ఇంగ్లీషు మాత్రమే వినిపించే కుటుంబాల కోసం తయారైనవి. రోజంతా తెలుగు, ఇంగ్లీషు కలిసి వినిపించే ఇంట్లో పేరును ముందుగా చెవితో పరీక్షించాలి, అర్థాన్ని ఆ తరువాతే చూసుకోవాలి. ఈ క్రమం తారుమారైతే ఎంత అందమైన పేరైనా నెల తిరగకుండానే మూలపడుతుంది.

## 1. పేర్లు వెతకడానికి ముందు తేల్చుకోవలసినవి

కుక్కను పగలంతా ఎవరు పిలుస్తారో మొదట ఆలోచించండి. భార్యాభర్తలు ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్లిపోతే, ఆరు నెలలు ఉండి వెళ్లడానికి వచ్చిన అమ్మానాన్నలో అత్తమామలో దాని వెంట ఉంటారు. వారి నోట పలకని పేరు ఆ ఇంట్లో నిలవదు.

తరువాత, ఆజ్ఞలు ఏ భాషలో ఇస్తారో నిర్ణయించుకోండి. ‘సిట్, స్టే, నో, కమ్, డౌన్, లీవ్ ఇట్’ అని ఇంగ్లీషులో నేర్పుతారా, ‘కూర్చో, ఆగు, వద్దు, రా’ అని తెలుగులో నేర్పుతారా? శిక్షణ తరగతులకు పంపే ఉద్దేశం ఉంటే ఇంగ్లీషు సులువు. పెద్దలే ఎక్కువసేపు చూసుకునేట్లయితే తెలుగే మేలు. రెండూ కలిపి వాడే ఇళ్లే ఎక్కువ కాబట్టి, నిజంగా వాడబోయే మాటలన్నీ ఒక కాగితం మీద రాసి ఉంచండి. నాలుగో మెట్టులో ఆ కాగితంతో పని పడుతుంది.

సరిచూసుకోవలసినవి:
- ఇంట్లో అందరి పేర్లు, ముద్దుపేర్లు రాసుకున్నారా?
- తరచుగా ఫోనులో మాట్లాడే బంధువుల పేర్లు చేర్చారా?
- కుక్కకు ఇదివరకే పేరు ఉందా? షెల్టర్ నుంచి తెచ్చుకున్నదైతే తప్పక అడిగి తెలుసుకోండి.
- ఎదిగాక ఎంత పెద్దదవుతుంది? నలభై కిలోల కుక్కకు కూడా నప్పే పేరేనా?

## 2. పేరును ఎక్కడి నుంచి తీసుకోవాలి

జాబితా చూసి ఏరుకోవడం కంటే, ఆ నేలతో మీ కుటుంబానికి ఉన్న అనుబంధం నుంచి పేరును తీసుకోవడం మంచిది. తొలి ఉద్యోగం వచ్చిన ఊరు, సెలవులకు వెళ్లిన నది, పెరట్లోని చెట్టు, ఇష్టపడి తిన్న వంటకం, వీటిలో ఏదైనా కావచ్చు.

ఊళ్లు, నదులు. సవానా, మెంఫిస్, ఆస్టిన్, అగస్టా, వేకో, ట్యూపెలో అనేవి పిలవడానికి బాగుండే ఊరి పేర్లు. నదుల్లో టెక్సాస్‌లోని బ్రాజోస్, పేకోస్, టెక్సాస్‌కూ లూజియానాకూ మధ్య సరిహద్దుగా పారే సబీన్, జార్జియాలో పుట్టి ఫ్లోరిడాలోకి పారే సువానీ మంచి పేర్లు. ఇవి పార్కులో పదిమంది నోట వినిపించేవి కావు కాబట్టి, మీరు పిలిచినప్పుడు మీ కుక్క ఒక్కటే తలతిప్పుతుంది.

చెట్లు, పూలు. మిసిసిపీ, లూజియానా రెండింటికీ మాగ్నోలియాయే రాష్ట్ర పుష్పం. 2020 నవంబరులో మిసిసిపీ ఓటర్లు ఆమోదించిన కొత్త జెండా మధ్యలోనూ ఆ పువ్వే ఉంది. టెక్సాస్ రాష్ట్ర పుష్పం 1901 నుంచి బ్లూబానెట్, రాష్ట్ర వృక్షం 1919 నుంచి పీకాన్. సౌత్ కెరొలైనా జెండా మీద ఉన్న చెట్టు పామెట్టో. పీకాన్‌ను కొందరు ‘పికాన్’ అని కూడా పలుకుతారు. దాన్ని ఎంచుకుంటే ఇంటిల్లిపాదీ ఒకే పలుకుకు కట్టుబడాలి.

వంటగది. గంబో (చిక్కని పులుసు), ప్రాలీన్ (పీకాన్ పలుకులతో చేసే మిఠాయి), టబాస్కో, పీచెస్, మూన్‌పై, గ్రిట్స్ (మొక్కజొన్న రవ్వ జావ) వంటివి పిల్లలు ఎక్కువగా కోరుకునే పేర్లు. టబాస్కో 1868 నుంచి లూజియానాలోని ఏవరీ ద్వీపంలో తయారవుతున్న మిరప సాస్. మూన్‌పై 1917లో టెనెసీలోని చాటనూగాలో పుట్టిన తీపి చిరుతిండి. గంబోను చిక్కబరచడానికి బెండకాయ వేస్తారు కాబట్టి ఆ పేరు వెనుక సంగతి మన పెద్దలకు చెప్పడం తేలిక. బ్రిస్కెట్ అనే పేరు టెక్సాస్‌లో సహజంగానే వినిపిస్తుంది, కానీ అది గొడ్డు మాంసపు వంటకం. ఇంట్లో ఎవరికైనా ఇబ్బంది ఉంటే ఆ పేరును పక్కన పెట్టడమే మర్యాద.

సంగీతం. ట్యూపెలోలో 1935లో పుట్టిన ఎల్విస్ ప్రెస్లీ, టెనెసీ కొండల్లో పుట్టిన డాలీ పార్టన్, జార్జియాలోని మేకన్‌లో పెరిగిన ఓటిస్ రెడింగ్, న్యూ ఆర్లియన్స్‌లో పుట్టిన మహేలియా జాక్సన్ అందరూ ఎరిగినవారే. ఎల్విస్, డాలీ, ఓటిస్ మూడూ రెండక్షరాల పేర్లలా చురుగ్గా పలుకుతాయి.

ఆ నేల కుక్కలే ఇచ్చిన పేర్లు. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ మూలమే. టెనెసీ విశ్వవిద్యాలయం 1953లో తమ జట్టుకు గుర్తుగా ఒక వేటకుక్కను ఎంచుకోవడానికి ఆట విరామంలో పోటీ పెట్టింది. కుక్కలను వరుసగా నిలబెట్టి ఒక్కొక్కదాని పేరు చదివారు. ఆఖరున నిలబడ్డ బ్లూటిక్ జాతి కుక్క తన పేరు వినగానే మోర ఎత్తి ఊళపెట్టింది. జనం హోరెత్తేకొద్దీ అది ఇంకా గట్టిగా ఊళపెట్టింది. ఎంపికైన ఆ స్మోకీ పేరే అక్కడ నేటికీ కొనసాగుతోంది. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 1931లో విద్యార్థులు చేరదీసిన కుక్క పొద్దున్నే మోగే బాకాకు మొరగడంతో, ఆ మేలుకొలుపు పేరే దానికి పెట్టి రెవెలీ అన్నారు. పేరు కుక్క స్వభావం నుంచి రావడం అంటే ఇదే. కాబట్టి ఇంటికి తెచ్చిన తొలి రెండు మూడు రోజులు దాన్ని గమనించి పేరు పెట్టినా ఆలస్యమేమీ కాదు.

ఈ మెట్టు పూర్తయ్యేసరికి చేతిలో ఎనిమిది నుంచి పన్నెండు పేర్లు ఉంటే చాలు.

## 3. చరిత్ర వడపోత

దక్షిణాది పేర్లన్నీ నిర్దోషమైనవి కావు. ఈ మెట్టును దాటవేయవద్దని గట్టిగా చెబుతున్నాను. బానిసత్వాన్ని నిలుపుకోవడానికి 1861 నుంచి 1865 వరకు యుద్ధం చేసిన పక్షాన్ని గుర్తుచేసే పేర్లు పక్కింటి నల్లజాతి కుటుంబం చెవిన పడినప్పుడు ఎలా ఉంటుందో తలచుకోండి.

డిక్సీ చూడటానికి ముచ్చటైన పేరు. అయితే ఆ మాట దక్షిణ పక్షపు జ్ఞాపకాలతో ముడిపడి ఉన్నందున డాలీ పార్టన్ విందు ప్రదర్శనశాల 2018లో తన పేరులోంచి దాన్ని తీసేసింది, ఒక ప్రసిద్ధ మహిళా సంగీత బృందం 2020లో అదే పని చేసింది. ఆ మాటతో పేరు తెచ్చుకున్నవారే వదులుకున్నాక, కొత్తగా మనం ఎత్తుకోవడం ఎందుకు? ఆ పక్షపు సైనికులను పిలిచిన రెబెల్, ఆ పక్షపు సేనాధిపతులైన స్టోన్‌వాల్, జనరల్ లీ పేర్లను కూడా ఇదే కారణంతో కొట్టివేయండి. చెరోకీ, చాక్టా, సెమినోల్ అనేవి ఈనాటికీ ఉన్న ఆదివాసీ జాతుల పేర్లు. అవి కుక్కకు పెట్టవలసినవి కావు.

తెలుగువారికి మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి ఇక్కడుంది. మన పెద్దలు కుక్కపిల్లను ముద్దుగా ‘కూనా’ అంటారు. దక్షిణాదిలో దాదాపు అదే శబ్దం ఉన్న ఇంగ్లీషు మాట నల్లజాతివారిని కించపరిచే తిట్టు. కూన్‌హౌండ్ అనే జాతి పేరు ఉన్నా, దాన్ని కుదించి పిలవడం మంచిది కాదు. ఇంట్లో అమ్మమ్మకు ఈ సంగతి నెమ్మదిగా చెప్పి, వీధిలో ఆ పిలుపు వాడవద్దని ముందే కోరండి.

## 4. శబ్ద పరీక్ష

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన మెట్టు ఇదే. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీసి, ఒక్కొక్క పేరును ఆ మాటల పక్కన పెట్టి గట్టిగా చదవండి. మనసులో చదివితే తేడా తెలియదు.

ఆజ్ఞలతో కలిసిపోయే పేర్లు. దక్షిణాదిలో బాగా వినిపించే ‘బో’ అనే పేరు ‘నో’కు అతి దగ్గర. ‘లీవై’ అని పిలుస్తుంటే ‘లీవ్ ఇట్’ అన్నట్టు వినిపిస్తుంది. ‘గ్రిట్స్’ ‘సిట్’ను పోలి ఉంటుంది. ‘రే’, ‘క్లే’ పేర్లు ‘స్టే’తో ప్రాస కలుస్తాయి. కుక్క మన వాక్యాన్ని వినదు, శబ్దాన్ని వింటుంది కాబట్టి ఇలాంటి పోలికలు శిక్షణను సాగదీస్తాయి.

తెలుగు మాటలతో కలిసిపోయే పేర్లు. ఈ చిక్కు ఏ అమెరికా జాబితాలోనూ ఉండదు. ఇక్కడ ప్రధానమైనవి చెబుతాను.

- ‘రే’ అని కుక్కకు పేరు పెట్టిన ఇంట్లో అన్న తమ్ముణ్ణి ‘రేయ్’ అన్న ప్రతిసారీ కుక్క లేచి వస్తుంది.
- ‘ఎల్లా’ పేరు ‘ఎలా’తోనూ, ‘ఎట్టా’ పేరు రాయలసీమ, నెల్లూరు ఇళ్లలోని ‘ఎట్టా’తోనూ కలిసిపోతాయి.
- ‘ఆనీ’ పేరు ‘అన్నీ’తో, ‘మాలీ’ పేరు ‘మళ్లీ’తో, ‘ఐవీ’ని మనవారు ‘ఇవీ’ అని పలికితే ‘ఇవి’తో తగువు తెస్తాయి.
- అలబామాను ముద్దుగా ‘బామా’ అంటారు. ఇంట్లో బామ్మ ఉంటే ఇద్దరూ పలుకుతారు.
- న్యూ ఆర్లియన్స్ శాండ్‌విచ్ ‘పోబాయ్’ పేరు పెడితే పిలిచిన ప్రతిసారీ మొదట ‘పో’ అన్నట్టు అవుతుంది.
- ‘రెట్’ అనే దక్షిణాది మగపేరు చివర మన అలవాటు కొద్దీ అచ్చు చేరితే పిట్టల రెట్టగా మారుతుంది.
- ‘జోరా’, ‘ఓక్రా’ పేర్ల చివర ‘రా’ ఉంది. దగ్గరికి పిలవడానికి ‘రా’ అనే మాటే వాడేట్లయితే వీటిని వదిలేయండి, లేదా పిలుపును ‘కమ్’గా మార్చుకోండి.

బిస్కెట్ అనే పేరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దక్షిణాదిలో అది గ్రేవీతో తినే మెత్తని రొట్టె, కుక్కపిల్లకు ఎంతో నప్పే పేరు. మన ఇళ్లలో సాయంత్రం టీ కాచగానే ‘బిస్కెట్ తెచ్చుకోనా, ఎన్ని బిస్కెట్లు కావాలి, డబ్బాలో బిస్కెట్లు అయిపోయాయి’ అనే మాటలు వరుసగా వస్తాయి. కుక్క ప్రతి మాటకూ పరుగెత్తుకొచ్చి, ఏమీ దొరకక వెనుదిరుగుతుంది. కొద్ది వారాలకు తన పేరు విన్నా తల ఎత్తడం మానేస్తుంది. మాగ్నోలియాను కుదించి ‘మ్యాగీ’ అనుకున్నా ఇదే పరిస్థితి, ఎందుకంటే పిల్లలున్న తెలుగు ఇంట్లో ఆ మాటకు నూడుల్స్ అనే అర్థం స్థిరపడిపోయింది. దానికి బదులు ‘నోలా’ అని కుదించవచ్చు. న్యూ ఆర్లియన్స్‌కు కూడా అది ముద్దుపేరు కాబట్టి దక్షిణాది ఛాయ ఇంకా చిక్కబడుతుంది.

పొడవు. రెండక్షరాల ఉచ్చారణ ఉన్న పేరు పిలవడానికి అనువు. మూడుకు మించితే కుదింపును మీరే ముందుగా నిర్ణయించాలి, లేకపోతే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో రకంగా కుదిస్తారు.

## 5. పెద్దల నోట, పొరుగువారి నోట

వడపోతలు దాటిన మూడు నాలుగు పేర్లను ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు వీడియో ఫోనులో వినిపించి, వారిని తిరిగి చెప్పమనండి. మీరు సరిదిద్దకూడదు. వారి నోట వచ్చిన పలుకే ఇంట్లో స్థిరపడే పలుకు. ‘మెంఫిస్’ను ‘మెంపీసు’ అన్నా ఫరవాలేదు, మొదటి అక్షరం నిలిస్తే కుక్క గుర్తుపడుతుంది. మొదటి అక్షరమే మారిపోయే పేరును వదులుకోండి.

అదే పేరును దక్షిణాదిలో పుట్టిపెరిగిన ఒక పొరుగువారికి కూడా చెప్పండి. వారి ముఖంలో సంకోచం కనిపిస్తే కారణం అడగండి. మూడో మెట్టులో మీరు పట్టుకోలేకపోయిన సంగతి అక్కడ బయటపడవచ్చు.

ఆపై పెరట్లో నిలబడి, వీధి చివర ఉన్న కుక్కను పిలిచినట్టు గొంతెత్తి రెండుసార్లు పిలవండి. సిగ్గనిపిస్తే ఆ పేరు మీ ఇంటికి కాదు.

## 6. పేరు నేర్పే క్రమం

పేరు ఖరారయ్యాక దాన్ని కుక్కకు మంచి వార్తగా పరిచయం చేయాలి.

1. టీవీ ఆపి, ప్రశాంతంగా ఉన్న గదిలో కూర్చోండి. ఉడికించిన కోడిమాంసం ముక్కలు గోరంత సైజులో పది సిద్ధం చేసుకోండి. శాకాహార ఇంట్లో ఉడికిన క్యారెట్ ముక్కలో, కొన్న ట్రీట్లో చాలు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్కలు కుక్కకు విషం కాబట్టి ఎవరూ పెట్టకూడదు.
2. కుక్క మీ వైపు చూడనప్పుడు పేరును ఒక్కసారే, మామూలు గొంతుతో పలకండి.
3. అది తలతిప్పిన క్షణంలోనే ‘శభాష్’ అని ముక్క అందించండి. ఆలస్యమైతే దేనికి దొరికిందో దానికి తెలియదు.
4. పదిసార్లు చేసి ఆపేయండి. రోజుకు మూడు నాలుగు విడతలు, ఒక్కొక్కటి రెండు మూడు నిమిషాలు సరిపోతాయి.
5. గదిలో కుదిరాక వంటింట్లో, తరువాత పెరట్లో, ఆ పైన లీష్ పట్టుకొని వీధిలో చేయండి. స్థలం మారినప్పుడు కొంత వెనకబడటం సహజం.
6. ఇంట్లో ప్రతి ఒక్కరూ, ముఖ్యంగా పెద్దలు, కనీసం రోజుకొక విడత చేయాలి.

షెల్టర్ నుంచి పాత పేరుతో వచ్చిన కుక్కకు కొత్త పేరు పెట్టడంలో తప్పేమీ లేదు. కొన్నాళ్లు కొత్త పేరు ముందు, పాత పేరు వెంటనే తరువాత పలుకుతూ, కొత్తదానికే తలతిప్పడం మొదలయ్యాక పాతదాన్ని మానేయండి.

ఎంత నేర్పినా ఏ శబ్దానికీ స్పందన లేకపోతే పేరును తప్పుపట్టకండి, పశువైద్యుని చేత వినికిడి పరీక్ష చేయించండి. లూజియానా రాష్ట్ర కుక్క అయిన కాటహూలా వంటి జాతుల్లో ఒంటి మీద తెలుపు ఎక్కువగా ఉన్నవాటికి పుట్టు చెవుడు ఉండే అవకాశం ఉంది. వాటికి చేతి సైగే పేరవుతుంది.

## 7. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

పేరుతోనే తిట్టడం. చెప్పు కొరికిందని ‘ఓటిస్! ఓటిస్!’ అని అరిస్తే, ఆ పేరు వినగానే సోఫా కింద దూరుతుంది. మందలించడానికి ‘వద్దు’ ఒక్కటే వాడండి. ఇప్పటికే పాడైతే వారం పాటు పేరును ముక్కలతోపాటు మాత్రమే పలకండి.

మళ్లీ మళ్లీ పిలవడం. పలకని కుక్కను ఐదుసార్లు పిలిస్తే, ఐదోసారి వస్తే చాలని నేర్చుకుంటుంది. ఒకసారి పిలిచి, రాకపోతే చిటికె వేయండి, నాలుగడుగులు వెనక్కి పరుగెత్తండి. చూడగానే మెచ్చుకోండి.

ముద్దుపేర్ల వరద. మన ఇళ్లలో బంగారం, కన్నా, చిన్నా, బుజ్జి అన్నీ ఒకే రోజు దాని మీద కురుస్తాయి. ప్రేమకు అడ్డు చెప్పనక్కరలేదు, కానీ తొలి మూడు వారాలు అసలు పేరు ఒక్కటే వాడండి. ఆ తరువాత ఎన్ని పిలుపులైనా చేర్చుకోవచ్చు.

పిల్లలు ఒకటి, పెద్దలు ఒకటి. సవానాను పిల్లలు ‘వానా’ అంటే, తాతగారు ‘సావీ’ అంటారు. కుదింపును కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి.

వారానికొక పేరు. నచ్చలేదని మార్చాలనుకుంటే మొదటి పది రోజుల్లోనే ఒకసారి మార్చి, అక్కడితో ఆపండి.

## 8. కాగితాల మీద పేరు

జాతి కుక్కను నమోదు చేయించేట్లయితే అక్కడ రాసే పొడవైన పేరు వేరు, పిలుపు పేరు వేరు. ముందు చెప్పిన స్మోకీ పూర్తి పేరు బ్రూక్స్ బ్లూ స్మోకీ. ఇంటిల్లిపాదీ వేర్వేరు పేర్ల మీద పట్టుబడుతుంటే ఈ వెసులుబాటు అక్కరకొస్తుంది. పొడవైన పేరులో అందరి కోరికలూ ఇమడ్చండి, పిలుపుకు శబ్ద పరీక్ష నెగ్గిన పేరును ఉంచండి.

కాలర్ బిళ్ల మీద పేరు కంటే ఫోను నంబరు ముఖ్యం. చోటు తక్కువైతే పేరును కుదించి, నంబరును పూర్తిగా చెక్కించండి. సందర్శకులుగా వచ్చిన పెద్దల ఫోను కాకుండా, ఎప్పుడూ ఆ దేశంలో ఉండేవారి నంబరు ఇవ్వాలి. జూలై 4 టపాసుల రాత్రి బెదిరి పారిపోయే కుక్కలు ఇంటికి చేరేది ఎక్కువగా ఆ బిళ్ల వల్ల, చర్మం కింద అమర్చిన చిప్ వల్లనే.

పేరు ఖరారైన వారంలోగా పూర్తి చేయవలసినవి:
- పశువైద్యశాల రికార్డులోనూ రేబిస్ టీకా పత్రంలోనూ ఒకే పేరు, ఒకే అక్షరక్రమం రాయించారా?
- చిప్ నంబరు మీ పేరు మీదికి మారిందా? షెల్టర్ పేరు మీదనో, పెంపకందారు పేరు మీదనో ఉండిపోలేదు కదా?
- చిప్ నమోదులో కుక్క పాత పేరు తొలగించి కొత్తది చేర్చారా?
- మీ నగరం లేదా కౌంటీ కుక్కల లైసెన్సు అడుగుతుంటే అక్కడా అదే పేరు ఇచ్చారా?
- ఫోను నంబరు మారినప్పుడు బిళ్లను, చిప్ నమోదును సవరించే బాధ్యత ఇంట్లో ఎవరిదో నిర్ణయించారా?